ఈలవరం గుక్కదొంగ

బుజ్జులూ, అటు కాదు, ఇటు తిరిగి పడుకో. నీ వీపు మీద జోకొడుతూ చెబుతాను. దీపం తగ్గించానంతే, ఆర్పలేదు. భయమేస్తే నా కొంగు పట్టుకో. నేను ఎవరి మీదా చాడీలు చెప్పేదాన్ని కాదని నీకు తెలుసుగా. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

అనగనగా, గాలికి ఎప్పుడూ నిద్రపట్టని ఒక ఊళ్ళో, ఒక సన్నాయి తాత ఉండేవాడు. ఆ ఊరి పేరు ఈలవరం. ఊరికి తూర్పున తాటితోపు, తోపు వెనక సముద్రం. పొద్దుగూకితే సముద్రం మీది గాలి తాటాకుల్లో దూరి ఈల వేసేది. ఆ ఈల వింటూ ఊరంతా నిద్రపోయేది. కరణంగారు మాత్రం పగలు కూడా నిద్రపోయేవారు. ఆయనకి ఈలతో పని లేదు.

తాత పేరు కోటిలింగం. చుట్టుపక్కల ఏ పెళ్ళికైనా ఆయన సన్నాయి ఊదాల్సిందే. ఒకసారి ముహూర్తం వేళకి ఆయన గుక్క తిప్పుకోకుండా ఊదుతుంటే, పెళ్ళికొడుకు నోరు వెళ్ళబెట్టి చూస్తూ తాళి కట్టడం మరిచిపోయాడు. ఆ పెళ్ళికొడుకు ఎవరో నేను చెప్పను. మన పాలబ్బాయి వాళ్ళ తాత.

కోటిలింగం కొడుకు డోలు భుజాన వేసుకుని మేళంతో ఊళ్ళు తిరిగేవాడు. ఇంట్లో తాత, కోడలు నాంచారమ్మ, ఏడేళ్ళ మనవరాలు తాయారు, ఆ ముగ్గురే.

తాయారుకి పైపళ్ళు ముందుకొచ్చేశాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి, సంతరోజు బస్సులో జనంలాగా. నోరు ఎప్పుడూ తెరిచే ఉండేది. కళ్ళ కింద నల్లటి చారలు. రాత్రి పది గంటలు పడుకున్నా, పొద్దున్న లేస్తే తలనొప్పి అనేది. ఏడేళ్ళొచ్చినా పక్క తడిపేది. బళ్ళో పలక మీద తల పెట్టి నిద్రపోయేది.

ఊరు ఊరుకుంటుందా? "ఎత్తుపళ్ళ తాయారు" అని పేరు పెట్టింది. బళ్ళో మేస్టారు ఆ పిల్లని సోమరిపోతు అన్నాడు. ఆ మాట ఆయన పడకకుర్చీలో వెనక్కి వాలి అన్నాడు.

ఆ సన్నాయి ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఏడో ఏడు వచ్చిన పిల్లలకి ముందు సన్నాయి ఇవ్వరు. ఇత్తడి చెంబులో నీళ్ళు పోసి, చేతికి ఒక బొప్పాయి కాడ ఇస్తారు. కాడతో నీళ్ళలోకి ఊదాలి. బుడగలు వస్తూనే ఉండాలి. బుగ్గల్లో దాచిన గాలి కాడలోకి పోతుండగానే, ముక్కుతో కొత్త గాలి లోపలికి పీల్చాలి. బుడగ తెగకూడదు. తెగనివాళ్ళకే సన్నాయి. ఆడపిల్లా మగపిల్లాడా అని లేదు. గాలికి ఆడామగా ఏమిటనేవాడు తాత.

తాయారు ఊదింది. బుడ బుడ బుడ. తెగిపోయింది. మళ్ళీ ఊదింది. తెగిపోయింది. మూడోసారి ఊదింది. కాడ వదిలేసి, ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరిచి ఆయాసపడింది.

"దేవుడు ముక్కెందుకిచ్చాడే నీకు? ముక్కుపుడక పెట్టుకోడానికా?" అన్నాడు తాత.

"ముక్కులోంచి రావట్లేదు తాతా."

"వస్తుంది. నీకు బద్ధకం."

ఆ మాటని తర్వాత ఆయన ఎంత మింగేద్దామన్నా గొంతు దిగలేదు. ఎందుకో విను. నోరు మూసుకుని విను.

ఏమిటీ? ముక్కు దిబ్బడ వేసిందా? ఊఁ. తెలుస్తూనే ఉంది. సరే, అలాగే విను.

ఆ వేసవిలో ఈలవరంలో ఒక వింత మొదలైంది. ఊరంతా సద్దుమణిగాక, సన్నాయి వారి ఇంట్లోంచి ఒక చప్పుడు వచ్చేది. గుర్ర్... గుర్ర్... ఎండిన తాటిమట్టని నేల మీద ఎవరో ఈడుస్తున్నట్టు. అది అలా సాగి సాగి, ఉన్నట్టుండి ఆగిపోయేది.

చప్పుడుకి ఎవరూ లేవలేదు. అది ఆగినప్పుడే లేచేవారు. వీధి వీధంతా మంచాల మీద లేచి కూర్చుని చెవులు రిక్కించేది. కుక్కలు కూడా తోక ముడుచుకుని ఆ ఇంటి వైపే చూసేవి. కాసేపటికి, నూతిలో మునిగినవాళ్ళు పైకి తేలినట్టు, హ్హా అని ఒక పెద్ద గుక్క వినిపించేది. ఆ తర్వాత మళ్ళీ గుర్ర్... గుర్ర్...

అప్పుడు పక్కింటి సుబ్బాయమ్మ తేల్చి చెప్పేసింది. "ఇది గుక్కదొంగ పని. తాటితోపులోంచి గాలి మీద వస్తాడు. నోరు తెరిచి పడుకున్న పిల్లల గుండెల మీద కూర్చుంటాడు. రోజుకొక గుక్క దొంగిలించి సంచీలో వేసుకుంటాడు. సంచీ నిండిన రోజున ఇక పిల్ల లేవదు."

వాడు ఎలా ఉంటాడంటావా? చూసినవాళ్ళు ఎవరూ లేరు, చెప్పినవాళ్ళే ఉన్నారు. సుబ్బాయమ్మ వాడి ఎత్తు చెప్పింది, రంగు చెప్పింది, చొక్కా గుండీలు ఎన్నో కూడా చెప్పింది.

నాంచారమ్మ ఆ మాట విని పిల్లని ఒళ్ళో వేసుకుని, "అది లేవకపోతే నేనేమైపోవాలి మావయ్యా?" అంది. కోటిలింగం పైకి నవ్వాడు. కానీ ఆ రోజు నుంచి తాయారు మంచం పక్కనే చాప వేసుకుని పడుకోవడం మొదలుపెట్టాడు.

మొదటి రాత్రి సుబ్బాయమ్మ వైద్యం. గడపలో పాత చెప్పు, తిరగేసిన చీపురు, చేటలో గళ్ళుప్పు. దొంగ వస్తే ఉప్పు గళ్ళు లెక్కపెట్టుకుంటూ తెల్లారేదాకా అక్కడే కూర్చుంటాడట. అంత ఓపిక ఉంటే వాడికి కరణీకమే ఇచ్చేవారు.

తాయారు నిద్రపోయింది. గుర్ర్... గుర్ర్... ఆగింది.

అప్పుడు కోటిలింగం చెయ్యి, ఆయన చెప్పకుండానే, తొడ మీద తాళం వేసింది. సన్నాయి వాళ్ళకి నిశ్శబ్దం వినిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఎనిమిది దెబ్బలు వేస్తే ఒక చుట్టు. ఒకటి, రెండు, మూడు... ఎనిమిది. హ్హా. గుక్క వచ్చింది.

ఒక చుట్టు, అనుకున్నాడు తాత. గడపలో ఉప్పు గళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. దొంగ గడప దాటి వచ్చినట్టే లేదు.

రెండో రాత్రి విబూది దాసు వచ్చాడు. దయ్యాలు వదిలించడం ఆయన వృత్తి. ఆయన్ని చూస్తే దయ్యాలు పారిపోతాయని అందరూ అనేవారు. ఆయన పెళ్ళాం కూడా మూడుసార్లు పారిపోయింది. నిప్పుల మీద సాంబ్రాణి, ఎండుమిరపకాయలు, ఇంకా పేరు చెప్పని ఆకేదో వేసి తలుపులు మూయించాడు. గది నిండా పొగ. పిల్ల దగ్గి దగ్గి అలిసి నిద్రపోయింది.

గుర్ర్... ఆగింది. తాత చెయ్యి తాళం వేసింది. ఎనిమిది. పదహారు. అప్పుడొచ్చింది గుక్క.

రెండు చుట్లు. దొంగకి పొగ బాగా పడినట్టుంది.

పొద్దున్నే తాయారు కళ్ళు వాచి ఉన్నాయి. "తాతా, రాత్రి నేను నీళ్ళ కింద పరిగెత్తాను. పైకి రావడానికి మెట్లు లేవు" అంది.

తాత ఆ పగలంతా సన్నాయి ముట్టుకోలేదు.

అప్పుడు ఆయనకి తన నాన్న చేసిన పని గుర్తొచ్చింది. సన్నాయి నేర్చుకునే పిల్లవాడు పదే పదే నోటితో గాలి తీస్తుంటే, సాధన చేసినంతసేపు ఒక బట్ట గడ్డం కిందనుంచి నడినెత్తికి తెచ్చి కట్టేవారు. నోరు మూస్తే గాలి ముక్కు దారి నేర్చుకుంటుందని. అది మేలుకుని ఉన్నప్పుడు కట్టే కట్టు. కోటిలింగం దాన్ని నిద్రలో కడదామనుకున్నాడు. సన్నాయి వాడు కనకే ఆ తప్పు చేశాడు. ఇంకెవరికీ ఆ ఆలోచన రాదు.

మూడో రాత్రి తెల్లటి బట్ట చించి తాయారు దవడకి కట్టాడు. నాంచారమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మావయ్యా, అలాంటి కట్టు ఎవరికి కడతారో తెలిసే కడుతున్నారా?"

"పోయినవాళ్ళకి. తెలుసమ్మా. దొంగ నోట్లోంచే కదా వస్తున్నాడు? తలుపు మూస్తే ఎలా వస్తాడో చూస్తాను."

దీపం వెలుగులో, తెల్ల కట్టుతో, ఆ పిల్ల ఎలా కనిపించిందో నేను చెప్పను. నువ్వు ఊహించుకోకు.

ఆ రాత్రి గురక లేదు. తోపులో ఈల కూడా లేదు. గాలి పడిపోయింది. ఊరంతా ఊపిరి బిగబట్టి వింటోంది. మూసిన పెదాల వెనక నుంచి సన్నటి కీచు. తర్వాత అదీ లేదు.

తాత చెయ్యి తాళం వేసింది. ఎనిమిది.

దీపం దగ్గరికి జరిపి చూశాడు. పిల్ల పొట్ట లేస్తోంది, పడుతోంది. గుండె గూడు లోపలికి లాక్కుపోతోంది. లోపల ఎవరో మూసిన తలుపుని భుజంతో తోస్తున్నట్టు. కానీ ముక్కు దగ్గర గాలి లేదు.

పదహారు.

గుండెల మీద ఎవరూ లేరు. సంచీ లేదు, చొక్కా లేదు. పిల్ల ఒక్కతే ఉంది.

ఇరవై నాలుగు.

అప్పుడు తాయారు లేచి కూర్చుంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ ఎవరినీ చూడటం లేదు. రెండు చేతులతో కట్టు పీకుతోంది. ఆయన వేసిన ముడి, సన్నాయికి దారం చుట్టినట్టు వేసిన ముడి, ఊడితేనా! నాంచారమ్మ చాకు తెచ్చింది. తాత బట్ట కింద తన వేలు పెట్టి, వేలు తెగినా చూసుకోకుండా, కట్టు కోసేశాడు.

హ్హా.

ఆ గుక్క వీధి చివరి ఇంటిదాకా వినిపించింది.

తాయారు ఏడుస్తూ, "తాతా, నోరు కూడా తీసేసుకున్నావెందుకు?" అంది.

ఆ మాటకి కోటిలింగం నేల మీద కూలబడ్డాడు. మూడు తరాల గాలి నేర్చిన ముసలాడు, కొంగులో ముఖం దాచుకున్న పసిపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ తర్వాత ఆయన కళ్ళు తుడుచుకుని ఆలోచించాడు. సన్నాయి మూగబోతే ఏం చేస్తాం? గాలిని తిడతామా? విబూది దాసుని పిలుస్తామా? సన్నాయిని దీపానికి ఎదురుగా పెట్టి, లోపల ఏం అడ్డుపడిందో చూస్తాం.

"నాంచారమ్మా, దీపం ఎత్తి పట్టు. తాయారూ, ఆ అను తల్లీ."

చూశాడు. గొంతులో అటొకటి, ఇటొకటి, రెండు ఎర్రటి ఉండలు. పెద్ద రేగుపళ్ళంత. ఒకదాన్నొకటి తాకుతూ, మధ్యలో దారం పట్టేంత సందు.

"దొంగ బయటినుంచి రావడం లేదమ్మా. ఇక్కడే కాపురం ఉంటున్నాడు. ఒకడు కాదు, ఇద్దరు" అన్నాడు తాత.

తెల్లారేసరికి పట్నం బస్సుకి మూట కట్టాడు. ఊరు దారికి అడ్డం నిలబడింది.

"గొంతులో కత్తి పెట్టిస్తావా అన్నయ్యా?" అంది సుబ్బాయమ్మ. "మాట పోతుంది. నీ ఇంట్లో మూడు తరాల సన్నాయి ఆగిపోతుంది."

"సన్నాయి ఆగితే ఇంకో ఇంట్లో ఊదుకుంటారు. పిల్ల ఆగితే?"

సుబ్బాయమ్మకి జవాబు దొరకలేదు. ఈలవరంలో ఆ రోజుని ఇప్పటికీ చెప్పుకుంటారు.

పట్నంలో పెద్దాసుపత్రి. ముక్కుకీ గొంతుకీ చూసే డాక్టరమ్మ నుదుటి మీద చిన్న అద్దం కట్టుకుని తాయారు గొంతు చూసింది. ముక్కు వెనక కూడా చూసింది.

"రాత్రుళ్ళు గుక్క ఆగుతోందా తాతగారూ? ఎన్నిసార్లు?"

"మొన్న మొదటి జాము నుంచి కోడికూత దాకా నలభై మూడుసార్లమ్మా. చిన్నవి ఎనిమిది దెబ్బలు, పెద్దవి పదహారు." తాత తొడ మీద తాళం వేసి చూపించాడు. కట్టు సంగతి కూడా దాచలేదు. తెగిన వేలు చూపించి మరీ చెప్పాడు.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ఇంత లెక్క నాకు ఎవరూ తెచ్చివ్వలేదు. ఇక చెబుతాను వినండి. గొంతులో ఆ రెండు ఉండలూ, ముక్కు వెనక మరో కండా పెరిగిపోయాయి. మేలుకుని ఉన్నంతసేపూ మిగిలిన సందులోంచి లాక్కొస్తోంది. నిద్రలో గొంతు సడలుతుంది. ఆ సందు కూడా మూసుకుపోతుంది. పిల్ల రాత్రంతా నిద్రపోవడం లేదు, ఊపిరి కోసం కుస్తీ పడుతోంది. పగలు నిద్రపోక ఏం చేస్తుంది?"

"మరి ఈ పళ్ళు?" అంది నాంచారమ్మ.

"నోటితో పీల్చే పిల్లకి నాలుక కిందికి జారిపోతుంది. ఏళ్ళ తరబడి అలా ఉంటే అంగిలి ఇరుకవుతుంది. పళ్ళకి చోటు చాలక ముందుకు తోసుకొస్తాయి. పళ్ళు చేసిన నేరం ఏమీ లేదమ్మా, అవి సాక్షులు. ఇన్నాళ్ళూ సాక్ష్యం చెబుతూనే ఉన్నాయి."

ఆ సాక్ష్యాన్ని చూసి ఈలవరమంతా నవ్వింది. గుర్తుందిగా.

"కత్తి పెడితే గుక్క పోదు కదమ్మా?" అన్నాడు తాత.

"ఇప్పుడు పోతున్నది గుక్కే కదా తాతగారూ."

అప్పుడు ఆపరేషన్ జరిగింది. తాయారు రెండు రోజులు ఏడ్చింది, మూడో రోజు చల్లటి పెరుగన్నం తింది. ఆ తర్వాత పళ్ళ డాక్టరు ఆ పిల్ల అంగిలికి ఒక బుల్లి మర బిగించాడు. దానికి సూదంత తాళంచెవి. రోజుకొక్కసారి, డాక్టరు చెప్పినంతే తిప్పాలి. వెంట్రుకవాసి, వెంట్రుకవాసి, అంగిలి వెడల్పవుతుంది, పళ్ళకి చోటు దొరుకుతుంది. ఆ తాళంచెవి తాత చేతికిచ్చారు. శ్రుతి సరిచేసే వేళ్ళు కదా, గీత దాటవు.

సన్నాయి పిల్ల నోటికి తాళం వేశారని ఊళ్ళో గుప్పుమంది. సుబ్బాయమ్మ మొగుడు ఆ సాయంత్రమే వచ్చి, ఆ తాళం పెద్దవాళ్ళ కొలతలో దొరుకుతుందా అని మెల్లగా అడిగి వెళ్ళాడు.

కానీ అంతకుముందు ఒక రాత్రి ఉంది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మొదటి రాత్రి.

తాయారు పక్కకి తిరిగి పడుకుంది. దీపం తగ్గించారు. తోపులో గాలి ఈల వేస్తోంది. ఇంట్లో మాత్రం ఏ చప్పుడూ లేదు.

తాత చెయ్యి తొడ మీద పడింది. ఎనిమిది. పదహారు. ఇరవై నాలుగు. గుక్క రాలేదు. గురక రాలేదు. నలభై. అరవై నాలుగు. నాంచారమ్మ గోడకి ఆనుకుని పిడికిలి కరుచుకుంది. వీధి మళ్ళీ లేచి కూర్చుంది. కుక్కలు చూస్తున్నాయి.

సుబ్బాయమ్మ లాంతరు పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. ఆవిడ గొంతులో ఆ ఒక్కసారి వెటకారం లేదు. "అన్నయ్యా... ఆగిపోయిందా?"

కోటిలింగం మోకాళ్ళ మీద జరిగి, తెగిన వేలికి కట్టు ఉన్న ఆ చెయ్యినే, మెల్లగా తాయారు ముక్కు కింద పెట్టాడు.

వెచ్చగా తగిలింది. పోయింది. మళ్ళీ వెచ్చగా తగిలింది. పెదాలు మూసే ఉన్నాయి.

"ఆగలేదమ్మా," అన్నాడు తాత. "మొదలైంది."

ఆ తర్వాత ఆరు నెలలకి, ఇత్తడి చెంబులో నీళ్ళు పోసి, తాయారుకి బొప్పాయి కాడ ఇచ్చారు. బుడ బుడ బుడ. ముక్కుతో పీల్చింది. తెగలేదు. మళ్ళీ పీల్చింది. తెగలేదు. సుబ్బాయమ్మ ఒక సంగతి మొదలుపెట్టి ముగించేసినా ఆ బుడగలు తెగలేదు. అంటే ఎంతసేపో నీకు తెలీదు, పోనీలే.

గుక్కదొంగ ఊరొదిలి పోయాడని అందరూ అనుకున్నారు. కోటిలింగం మాత్రం బతికినన్నాళ్ళూ నడిరాత్రి ఒకసారి లేచి, మనవరాలి ముక్కు కింద చెయ్యి పెట్టి, మళ్ళీ పడుకునేవాడు. ఆ బుల్లి తాళంచెవి నా పోపులపెట్టెలో ఉంది, జీలకర్ర గిన్నె కింద. తెల్లారాక చూపిస్తాను.

బుజ్జులూ?

నిద్రపోయావా?

నీ నోరు తెరుచుకుంది. ఇందాకటి నుంచి జోకొడుతున్నాననుకున్నావు కదూ. కాదు తల్లీ. ఈ లెక్క నాకు మా తాత నేర్పాడు. మొన్న రాత్రి నీ గుక్క ఐదు దెబ్బలు ఆగింది. నిన్న ఏడు.

ఇదిగో, ఆగింది.

ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది...

హమ్మయ్య. వచ్చింది.

ఒక చుట్టు. చాలు, ఇంకో రాత్రి చూడను. పిల్లలన్నాక గురక పెట్టరా అంటుంది మీ అమ్మ. అననీ. తెల్లారగానే మొదటి బస్సుకి మనిద్దరం. నీ పళ్ళు కూడా అప్పుడే చూపిద్దాం, సాక్ష్యం చెబుతున్నాయి. మరి ఈ రాత్రికి నువ్వు నిద్రపో, నేను తాళం వేస్తూ కూర్చుంటాను.

కథేమో కంచి దారికి,
గాలేమో ముక్కు దారికి,
దొంగేమో ఊరి చివరికి,
మనమేమో పొద్దుటి బస్సుకి.